క్యారవాన్‌కు ఏ జనరేటర్, ఏ ఇంధనం? గోదావరి డెల్టాలో తిరిగేవారికి సమగ్ర మార్గదర్శి

టెంపో ట్రావెలర్‌నో పాత మినీ బస్సునో క్యారవాన్‌గా మార్పించుకున్నవారు తరచూ ఒకటే అడుగుతుంటారు: ఎన్ని కేవీఏ జనరేటర్ కొనాలి? పెట్రోలుదా, డీజిల్‌దా, గ్యాస్‌దా? ఒక మోడల్ పేరు చెబితే చాలంటారు. కోనసీమలోని దిండి ఊరి గట్టు మీద రెండు రాత్రులు ఆగే చిన్న వ్యానుకూ, రెండు ఏసీలతో ఊళ్లు తిరిగే బస్సుకూ ఒకే జవాబు కుదరదు. కింది వరుసలో వెళ్లండి. లోడు తేలకుండా ఇంధనం గురించి వాదించుకోవడం, ఇంధనం తేలకుండా కొట్టుకు వెళ్లడం, డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఈ రెండు చోట్లే.

1. ముందు తేల్చుకోవలసింది: రాత్రంతా ఏసీ నడవాలా?

మిగతా నిర్ణయాలన్నీ దీని వెనకే నడుస్తాయి.

ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ పాయల మధ్య ఎక్కడ ఆగినా చుట్టూ నీరే. కాలువలు, చేపల చెరువులు, వరి మడులు. ఎండకన్నా ఉక్కపోత ఎక్కువ బాధిస్తుంది. ఖర్చు తగ్గుతుందని కూలర్ పెట్టించుకోకండి. కూలర్ నీటిని ఆవిరి చేసి చల్లబరుస్తుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉన్నప్పుడు నీరు సరిగా ఆవిరి కాదు, బండి లోపల జిడ్డు మాత్రం పెరుగుతుంది. డెల్టాలో ఉన్న దారులు రెండే: ఫ్యాను లేదా ఏసీ.

మీరు ఏ వర్గంలోకి వస్తారో చూసుకోండి.

- కార్తీకం నుంచి మాఘం దాకానే తిరుగుతారు, ఏసీ అక్కర్లేదు: జనరేటర్ కొనకండి. 400 వాట్ల సోలార్ పలకలు, 12 వోల్టుల 200 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీ ఒకటి చాలు. ఫ్యాన్లు, దీపాలు, చిన్న ఫ్రిజ్, ఫోన్లు దానితో నడుస్తాయి.
- వేసవిలో కూడా తిరుగుతారు, ఒక ఏసీ కావాలి: ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం మీ కోసమే.
- బస్సు అంత బండి, రెండు ఏసీలు, పెద్ద కుటుంబం: 4వ భాగంలో డీజిల్ గురించి చెప్పినది శ్రద్ధగా చదవండి.

2. లోడు లెక్క వేయండి

కాగితం తీసుకుని బండిలోని ప్రతి పరికరం వెనక అంటించిన చీటీ చూసి వాట్లు రాయండి. చీటీ కనబడకపోతే ఈ అంకెలు దరిదాపుగా సరిపోతాయి.

- 1 టన్ను ఇన్వర్టర్ ఏసీ: పూర్తి వేగంలో 1,000 వాట్లు
- 1.5 టన్నుల పాత రకం విండో ఏసీ: 1,700 వాట్లు
- 12 వోల్టుల ఫ్రిజ్: 60
- బీఎల్‌డీసీ ఫ్యాను: 30
- ఎల్ఈడీ దీపాలన్నీ కలిపి: 40
- నీళ్ల పంపు: 80
- ఫోన్లు, ల్యాప్‌టాప్: 150
- మిక్సీ: 750
- రైస్ కుక్కర్: 700
- ఇండక్షన్ పొయ్యి: 2,000
- 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్: 3,000

చివరి రెండింటినీ ఇప్పుడే కొట్టేయండి. వంటకు గ్యాస్ పొయ్యి ఉండగా ఇండక్షన్ కోసం జనరేటర్‌ను రెట్టింపు చేసుకోవడం దండగ. గీజర్ సంగతి సరేసరి. వేసవిలో కోనసీమ ట్యాంకు నీళ్లు వాటంతటవే కాగి ఉంటాయి!

ఇప్పుడు ఒకేసారి నడిచేవాటిని మాత్రమే కూడండి. ఒక ఏసీ వ్యానుకు ఇలా వస్తుంది: ఏసీ 1,000, ఫ్రిజ్ 60, రెండు ఫ్యాన్లు 60, దీపాలు 40, ఫోన్లు 150, పంపు 80. మొత్తం 1,390 వాట్లు. మిక్సీ కలిస్తే 2,140. మిక్సీ, రైస్ కుక్కర్ ఒకేసారి వేయకూడదని ఇంట్లోవారితో ముందే ఒప్పందం చేసుకోండి.

వచ్చిన అంకెను 1.25తో హెచ్చించండి. 2,140కి 2,675 వస్తుంది, అంటే ఎంతసేపైనా నిలకడగా 2.7 కిలోవాట్లు ఇవ్వగల సెట్టు కావాలి. మిక్సీ, రైస్ కుక్కర్ రెండింటినీ బ్యాటరీ మీద నడిపితే 1,390కి 1,740 వస్తుంది, 2 కిలోవాట్ల సెట్టు చాలు. ఈ రెండింటినీ అటు మార్చడంతో సెట్టు బరువు సగానికన్నా తగ్గుతుంది.

పాత రకం ఏసీ ఉన్నవారికి ఇంకో చిక్కు ఉంది. కంప్రెసర్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో మామూలుకన్నా మూడు నుంచి ఐదు రెట్లు కరెంటు లాగుతుంది. 1,700 వాట్ల ఏసీకి 3 కిలోవాట్ల సెట్టు కూడా తడబడవచ్చు. ఇన్వర్టర్ ఏసీ మెల్లగా వేగం పెంచుకుంటుంది, ఈ కుదుపు ఉండదు. పాత ఏసీ కోసం పెద్ద జనరేటర్ కొనేకన్నా ఏసీనే మార్చండి. అది కుదరకపోతే దానికి సాఫ్ట్ స్టార్టర్ (ఆ మొదటి కుదుపును తగ్గించే పరికరం) పెట్టించండి.

3. సాయంత్రం జనరేటర్, రాత్రి బ్యాటరీ

చాలామంది దాటవేసే భాగం ఇదే. డబ్బు, నిద్ర రెండూ మిగిలేది కూడా ఇక్కడే.

గోడలకు, పైకప్పుకు సరిగా ఇన్సులేషన్ వేసిన చిన్న వ్యానులో 26 డిగ్రీల దగ్గర పెడితే 1 టన్ను ఇన్వర్టర్ ఏసీ రాత్రిపూట సగటున 400 వాట్ల దరిదాపులో నడుస్తుంది. ఎనిమిది గంటలకు 3.2 యూనిట్లు. ఫ్రిజ్, ఫ్యాన్లకు 0.8. మొత్తం 4 యూనిట్లు, మార్పిడి నష్టాలు కలిపితే 4.5. మార్కెట్లో దొరికే 51.2 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీలో 5.12 యూనిట్లు ఉంటాయి. అందులో 90 శాతం వాడుకున్నా రాత్రి బొటాబొటిగా గడిచిపోతుంది. ఇన్సులేషన్ లేని రేకు బండిలో ఈ లెక్క పనిచేయదు. ముందు ఆ ఖర్చు పెట్టండి.

ఈ బ్యాటరీని సాయంత్రం 6 నుంచి 9 లోపు 2 కిలోవాట్ల లోడుతో నింపడానికి సుమారు రెండున్నర గంటలు పడుతుంది. సుమారు 2.7 లీటర్ల పెట్రోలు. అదే జనరేటర్‌ను రాత్రంతా 500 వాట్ల కోసం నడిపినా దాదాపు అంతే తాగుతుంది, ఎందుకంటే తక్కువ లోడు మీద ఏ ఇంజినైనా యూనిట్‌కు ఎక్కువ ఇంధనం ఖర్చు చేస్తుంది. పైగా నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా శబ్ద పరిమితి 45 డెసిబెల్స్. చుట్టాల పెరట్లో బండి ఆపినా, రిసార్టు పక్కన ఆపినా ఆ వేళలో పెట్రోలు సెట్టు ఆ పరిమితిలో ఇమడటం కష్టం.

ఇలాంటి 51.2 వోల్టుల బ్యాటరీ (కొట్లో 48 వోల్టులది అంటారు) తీసుకుంటే బండిలోని 12 వోల్టుల దీపాలకు, పంపుకు డీసీ కన్వర్టర్ విడిగా కావాలి. ఛార్జర్ లాగే కరెంటును తగ్గించే సెట్టింగ్ ఉందో లేదో కూడా చూసి కొనండి. అది లేకపోతే చిన్న జనరేటర్ మీద ఏసీ, ఛార్జర్ కలిసి నడవవు.

4. ఇప్పుడు ఇంధనం

పెట్రోలు

ఒక ఏసీ వ్యానుకు నా ఓటు పెట్రోలుతో నడిచే ఇన్వర్టర్ రకం జనరేటర్‌కే. లోడు తగ్గినప్పుడు ఇంజిన్ వేగం తగ్గుతుంది, శబ్దం తగ్గుతుంది, కరెంటు నాణ్యత బాగుంటుంది. 2 కేవీఏ సెట్టు సుమారు 21 కిలోలు, ఒక మనిషి దించగలడు. 3 కేవీఏ అయితే 60 కిలోల దాకా ఉంటుంది, ఇద్దరు కావాలి.

దీని బలహీనత తేమ. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఎక్కువ కాలం నిలవ ఉంటే నీరు, ఇథనాల్ కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. కార్బ్యురేటర్‌లో మిగిలిన పెట్రోలు జిగురుగా గడ్డకడుతుంది. సంక్రాంతికి తిరిగివచ్చి ఉగాదికి తాడు లాగితే ఇంజిన్ పలకకపోవడానికి కారణం సాధారణంగా ఇదే. నెల దాటిన పెట్రోలును జనరేటర్‌లో ఉంచవద్దు. పాత సెట్టు కొంటుంటే దాని రబ్బరు గొట్టాలు, సీళ్లు 20 శాతం ఇథనాల్‌ను తట్టుకుంటాయా అని అడగండి.

నిల్వ విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. సొంత వాడకానికి లైసెన్సు లేకుండా 30 లీటర్ల వరకే పెట్రోలు ఉంచుకోవచ్చు, అదీ గట్టిగా మూత బిగిసే లోహపు డబ్బాలో, ఒక్కో డబ్బా 25 లీటర్లు దాటకుండా. నీళ్ల సీసాల్లో పోయించుకోవడం మానండి. బంకులో డబ్బాను నేల మీద పెట్టి నింపించండి, బండిలో ఉంచి కాదు. స్థిర విద్యుత్ నిప్పురవ్వ చాలు, మంట లేవడానికి.

డీజిల్

మీ బండి డీజిల్‌ది అయితే జనరేటర్‌కూ అదే ట్యాంకు నుంచి గొట్టం తీసుకోవచ్చు. డబ్బాలు మోసే పని ఉండదు, పెట్రోలు ఆవిరి భయం ఉండదు. యూనిట్‌కు ఇంధనం కూడా తక్కువ: సరైన లోడు మీద 0.35 నుంచి 0.45 లీటర్లు. పెట్రోలుకు ఇది 0.5 నుంచి 0.6. మరమ్మతుకు డెల్టా అంత అనువైన చోటు తక్కువ. భీమవరం చుట్టుపక్కల చెరువుల మీద ఏరియేటర్లను (నీటికి గాలి అందించే యంత్రాలను) నడిపే డీజిల్ సెట్లు ఉంటాయి, వాటిని అర్ధరాత్రి లేచి బాగుచేసే మెకానిక్‌లూ ఉంటారు.

మరి అందరికీ డీజిలే చెప్పవచ్చు కదా అంటే, రెండు అడ్డంకులున్నాయి. మొదటిది బరువు. శబ్దం ఆపే డబ్బాతో వచ్చే 5 కేవీఏ సెట్టు 150 కిలోలు దాటుతుంది. ప్రకంపనలు ఎక్కువ, చాసిస్ మీద గట్టి బ్రాకెట్లు కావాలి. రెండోది లోడు. డీజిల్ ఇంజిన్‌ను సామర్థ్యంలో 30 శాతం కన్నా తక్కువ లోడుతో గంటల తరబడి నడిపితే ఇంధనం పూర్తిగా కాలదు. మసి, జిడ్డు సైలెన్సర్‌లో పేరుకుంటాయి, క్రమంగా ఇంజిన్ చెడుతుంది. 5 కేవీఏ డీజిల్ కొని రాత్రంతా ఒక చిన్న ఏసీ నడపడం దానిని చేజేతులా చంపుకోవడమే. రెండు ఏసీలు, బ్యాటరీ ఛార్జింగ్ కలిపి ఎప్పుడూ సగానికి పైగా లోడు ఉండేవారికే డీజిల్ సరైనది.

ట్యాంకు నుంచి గొట్టం తీసేటప్పుడు దాని కొన అడుగుదాకా వెళ్లకుండా పావు ట్యాంకు ఎత్తులో ఆగేలా పెట్టించండి. జనరేటర్ ఎంత తాగినా బంకు దాకా వెళ్లడానికి బండికి డీజిల్ మిగులుతుంది. డీజిల్‌కూ తేమ బెడద ఉంది. ఖాళీ ట్యాంకు గోడలకు నీటి బిందువులు పడతాయి కాబట్టి బండి నిలిపేటప్పుడు ట్యాంకు నింపి ఉంచండి, ఫిల్టర్ కింద నీరు వదిలే మరను ప్రయాణానికి ముందు ఒకసారి తిప్పండి.

గ్యాస్

ఎల్‌పీజీ నిలవ ఉన్నా పాడు కాదు, కార్బ్యురేటర్‌లో జిగురు చేరదు, పొగ తక్కువ. డెల్టా చలికి సిలిండర్‌లో గ్యాస్ ఆవిరి కాని సమస్యా లేదు. కాగితం మీద ఇదే గెలవాలి.

సమస్య సరఫరాలో ఉంది. 14.2 కిలోల ఎర్ర సిలిండర్ ఇంటి వంటకు మాత్రమే, జనరేటర్‌కు వాడటం చట్టవిరుద్ధం. 19 కిలోల వాణిజ్య సిలిండర్ గానీ 5 కిలోల చిన్న సిలిండర్ గానీ తీసుకోవాలి. యూనిట్‌కు 0.4 నుంచి 0.5 కిలోల గ్యాస్ పడుతుంది కాబట్టి రోజుకు 5 యూనిట్లు వాడితే 19 కిలోలు ఎనిమిది రోజుల దాకా వస్తాయి. అయిపోయాక ఆదివారం సాయంత్రం ఓడలరేవులో సిలిండర్ ఎక్కడ దొరుకుతుంది? బంకు మాత్రం తెరిచే ఉంటుంది.

గ్యాస్ గాలికన్నా బరువైనది. కారితే కిందకు దిగి బండి నేల మీద పరుచుకుంటుంది. సిలిండర్ పెట్టే అరకు అడుగున బయటికి తెరుచుకునే రంధ్రాలు తప్పనిసరి. పెట్రోలు, గ్యాస్ రెండింటితో నడిచే సెట్లలో గ్యాస్ మీద శక్తి సుమారు 10 శాతం తగ్గుతుంది, 2వ భాగంలోని లెక్కలో దాన్ని కలుపుకోండి. నా అభిప్రాయంలో డెల్టాలో గ్యాస్ రెండో ఇంధనంగానే పనికొస్తుంది.

కిరోసిన్ సెట్ల జోలికి వెళ్లవద్దు.

5. పేరుపలక చదవడం

- కేవీఏ వేరు, కిలోవాట్ వేరు. మామూలు సెట్లలో కేవీఏను 0.8తో హెచ్చిస్తే కిలోవాట్లు వస్తాయి. 5 కేవీఏ అంటే 4 కిలోవాట్లు.
- పెద్ద అక్షరాల్లో కనిపించేది తరచుగా గరిష్ఠ శక్తి, కొద్దిసేపే వస్తుంది. నిలకడ శక్తి చూసి కొనండి.
- 230 వోల్టులు, 50 హెర్ట్జ్ ఉండాలి. అమెరికా క్యారవాన్ల నుంచి విప్పి తెచ్చిన సెట్లు 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌వి. ఓనాన్ అనే అమెరికా కంపెనీ పేరు చూసి ముచ్చటపడి కొంటే మన ఏసీ నడవదు.
- మామూలు సెట్టులో 1,500 ఆర్‌పీఎం అయితే శబ్దం తక్కువ, ఆయుష్షు ఎక్కువ, బరువూ ఎక్కువ. 3,000 అయితే దానికి తిరగేసి.
- కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఆమోదపు పలక ఉండాలి. డీజిల్ సెట్టు శబ్దం డబ్బా నుంచి ఒక మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదు.
- సముద్రమట్టం మీద చూపిన శక్తి కొండ మీద రాదు. డెల్టా నుంచి అరకుకు, అంటే 900 మీటర్ల ఎత్తుకు వెళితే సుమారు పదో వంతు తగ్గుతుంది.

6. కొట్లో పరీక్షించకుండా తీసుకోవద్దు

వీలైతే బండినే కొట్టు ముందుకు తీసుకెళ్లండి. మీ ఏసీ, మీ ఛార్జర్, మీ తీగలతో పరీక్షించండి. దుకాణదారుడు రెండు బల్బులు వెలిగించి చూపేది పరీక్ష కాదు.

- చల్లగా ఉన్న ఇంజిన్ ఎన్ని లాగుల్లో పలికింది?
- లోడు లేకుండా, పూర్తి లోడుతో మల్టీమీటర్ ఎంత చూపింది? 220-240 వోల్టుల మధ్య నిలవాలి.
- అరగంట లోడు మీద నడిచాక ఆపి, వేడిగా ఉండగానే మళ్లీ పలికిందా?
- ఫిల్టరు, ప్లగ్గు, స్టార్టర్ తాడు రాజమహేంద్రవరంలోనో కాకినాడలోనో వెంటనే దొరుకుతాయా?
- పాత సెట్టు అయితే పొగ రంగు చూడండి. నీలం అంటే ఆయిల్ కాలుతోంది. ఆగని నల్ల పొగ అంటే గాలి తక్కువ లేదా ఇంధనం ఎక్కువ. వేడెక్కాక కూడా నీలం పోకపోతే వదిలేయండి.

7. బండిలో బిగించడం

చిన్న పెట్రోలు సెట్టును వెనక తలుపు దగ్గర బయటికి జారే ట్రే మీద పెట్టి, వాడేటప్పుడు దించి దూరంగా ఉంచడం అన్నిటికన్నా మేలు. శాశ్వతంగా బిగిస్తే ఈ జాబితా చూసుకోండి.

- అర లోపల పూర్తిగా లోహపు రేకు, మనుషులుండే భాగం వైపు చిన్న సందు కూడా లేకుండా సీలు.
- చల్లగాలి లోపలికి రావడానికి, వేడిగాలి పోవడానికి వేరువేరు దారులు. వేడిగాలి తిరిగి లోపలికి రాకూడదు.
- సైలెన్సర్ గొట్టం బండి అంచు దాటి బయటికి రావాలి. మన బండ్ల తలుపు ఎడమవైపు ఉంటుంది కాబట్టి పొగ కుడివైపో వెనకకో పోవాలి. కిటికీ కింద వద్దు.
- గాలి పీల్చే నోరు వీలైనంత ఎత్తులో. వానాకాలం రోడ్ల మీద మోకాలి లోతు నీరు కొత్త కాదు.
- ఇంటి కరెంటు, జనరేటర్, బ్యాటరీ ఇన్వర్టర్ మూడూ ఎప్పుడూ కలవకుండా చేంజోవర్ స్విచ్.
- పడక దగ్గర కార్బన్ మోనాక్సైడ్ (పొగలోని విషవాయువు) అలారం, నేలకు దగ్గరగా గ్యాస్ అలారం. రెండూ వేరు, ఒకటి మరొకదాని పని చేయదు.

చిన్న జనరేటర్లలో న్యూట్రల్ తీగ ఎర్త్‌తో కలిసి ఉండదు. అలాంటప్పుడు బండిలో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) పెట్టినా షాక్ కొట్టినప్పుడు ట్రిప్ కాదు. జనరేటర్ మీద నడిచేటప్పుడు మాత్రమే న్యూట్రల్, ఎర్త్ కలిసేలా ఎలక్ట్రీషియన్‌తో చేయించండి, మీ ఎదుటే ఆర్‌సీసీబీని పరీక్షించమనండి. చుట్టాల ఇంట్లో కరెంటు పోయిందని మీ జనరేటర్ తీగను వారి గోడ సాకెట్‌లో గుచ్చడం ఘోరమైన తప్పు. ఆ కరెంటు వీధి తీగలోకి ఎక్కి స్తంభం మీదున్న లైన్‌మన్ ప్రాణం తీస్తుంది.

బండి రూపం మార్చే పని ఏదైనా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది. బిగింపుకు ముందే రవాణా కార్యాలయంలో మాట్లాడండి.

8. నడిపే వరుస

1. బండిని సమతలంగా ఆపండి. గట్టు వాలులో పెడితే ఆయిల్ ఉన్నా లేదనుకుని సెన్సర్ ఇంజిన్‌ను ఆపేస్తుంది.
2. ఆయిల్ పుల్ల తీసి చూడండి, తర్వాత ఇంధనం.
3. మెయిన్ ఎంసీబీ దించి ఉంచండి.
4. ఇంజిన్ పలికించి రెండు మూడు నిమిషాలు ఖాళీగా నడవనివ్వండి.
5. ఎంసీబీ ఎత్తి ముందు ఏసీ వేయండి, అది కుదురుకున్నాక ఛార్జర్, ఆ తర్వాత చిన్నవి.
6. ఆపేటప్పుడు తిరుగు వరుస. లోడు తీసేసి రెండు నిమిషాలు నడిపి ఆపండి. ఏసీని వెంటనే మళ్లీ వేయకండి, మూడు నిమిషాలు ఆగండి.
7. పెట్రోలు పోయాలంటే ఇంజిన్ ఆపి కనీసం పావుగంట చల్లారనివ్వండి.

9. డెల్టాలో ప్రత్యేకంగా చూసుకోవలసినవి

గాలి దిశ. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి ఊరి వైపు వీస్తుంది. రాత్రి ముదిరాక నేల చల్లబడి గాలి సముద్రం వైపు తిరగవచ్చు. అంతర్వేది తీరాన సాయంత్రం పొగ అవతలికి పోతోందని పెట్టిన జనరేటర్ అర్ధరాత్రి మీ కిటికీలోకి ఊదుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. తలనొప్పి, వికారం వస్తాయి, ప్రయాణపు అలసట అనుకుంటారు. ఇద్దరికి ఒకేసారి తల నొప్పిగా ఉంటే ముందు అందరూ బయటికి రండి, కారణం తర్వాత వెతకవచ్చు. జనరేటర్ నడుస్తుండగా నిద్రపోకుండా ఉండటమే అన్నిటికన్నా భద్రం. 3వ భాగంలో సాయంత్రం అని పట్టుబట్టింది అందుకు కూడా.

గడ్డి, పీచు. దాళ్వా కోతల తర్వాత కళ్లాల నిండా ఎండు వరిగడ్డి. కోనసీమలో ఎక్కడ ఆగినా కొబ్బరి పీచు, ఎండు మట్టలు. సైలెన్సర్ చుట్టూ రెండు మీటర్లు ఊడ్చాకే పలికించండి. సైలెన్సర్‌కు నిప్పురవ్వలు ఆపే జాలీ ఉండాలి. చేతికందే చోట పొడి రకం అగ్నిమాపకం ఉంచండి.

పంటు. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు (బండ్లను నది దాటించే పడవ) మీద దాటేటప్పుడు జనరేటర్ ఆపి ఉండాలి, పెట్రోలు కొళాయి, గ్యాస్ వాల్వు రెండూ మూసి ఉండాలి. రేవు చేరకముందే ఈ పని చేయండి. వరుసలో నిలబడ్డాక గుర్తుండదు.

వరద, తుఫాను. జూలై నుంచి సెప్టెంబరు దాకా లంకల్లో, ఏటిగట్టు లోపలివైపు రాత్రి బస వద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య తుఫాను హెచ్చరిక రాగానే ఇంధనం నింపుకోండి. కరెంటు పోతే బంకు పంపులకూ జనరేటరే దిక్కు, వరుసలు పెరిగిపోతాయి. 2027లో గోదావరి పుష్కరాలకు బండిలో రావాలనుకునేవారు వేసవిలోనే సెట్టు కొని వాడి చూసుకోవాలి.

ఉప్పుగాలి. తీరంలో గడిపి వచ్చాక సెట్టును నీళ్ల పైపుతో కడగవద్దు. తడిగుడ్డతో తుడిచి ఆరనిచ్చి, టెర్మినళ్లకు పెట్రోలియం జెల్లీ రాయండి.

10. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

పలికి వెంటనే ఆగిపోతుంది: వాలు, ఆయిల్ మట్టం చూడండి. రెండూ బాగుంటే ట్యాంకు మూత మీది గాలి రంధ్రం మూసుకుపోయిందేమో చూడండి. అదీ కాకపోతే పాత పెట్రోలే కారణం.

ఏసీ మూలుగుతుంది, తిరగదు: జనరేటర్ మీది పొదుపు స్విచ్ ఆపి ప్రయత్నించండి. అప్పటికీ కాకపోతే తీగ సన్నంగా ఉండవచ్చు. 20 మీటర్ల దాకా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ కావాలి. చుట్టగా ఉంచి వాడితే తీగ వేడెక్కి కరుగుతుంది, పూర్తిగా విప్పండి.

ఛార్జర్ వేయగానే ఓవర్‌లోడ్ దీపం వెలుగుతుంది: ఛార్జింగ్ కరెంటును సగానికి తగ్గించండి. రెండున్నర గంటల పని ఐదు గంటలు పడుతుంది, అంతే.

డీజిల్ సైలెన్సర్ నుంచి నల్లటి జిడ్డు కారుతుంది: చాలాకాలం తక్కువ లోడు మీద నడిచింది. 70 శాతం లోడుతో గంటసేపు నడపండి. తగ్గకపోతే మెకానిక్‌కు చూపించండి.

వానలో బండి రేకు తాకితే జిల్లుమంటుంది: వెంటనే జనరేటర్ ఆపండి. ఎర్తింగ్ సరిచేయించేదాకా మళ్లీ పలికించవద్దు.

గ్యాస్ మీద నడిచేటప్పుడు సిలిండర్ బయట మంచు పడుతుంది: గ్యాస్ వేగంగా ఆవిరవుతోంది. లోడు తగ్గించండి. సిలిండర్ మీద వేడినీళ్లు పోయడం, పడుకోబెట్టడం చేయవద్దు.

11. సర్వీసింగ్, వానాకాలపు నిలవ

కొత్త పెట్రోలు సెట్టుకు మొదటి 20 గంటలకో నెలకో ఆయిల్ మార్చాలి, ఆ తర్వాత 100 గంటలకో ఆరు నెలలకో, ఏది ముందైతే అది. ఎయిర్ ఫిల్టర్‌ను 50 గంటలకు ఒకసారి శుభ్రం చేయాలి. మీ సెట్టుతో వచ్చిన పుస్తకంలో వేరే అంకెలుంటే అవే పాటించండి.

వాడకుండా ఉంచే ముందు:

- పెట్రోలు కొళాయి మూసి ఇంజిన్ తనంతట తాను ఆగేదాకా నడపండి. కార్బ్యురేటర్ అడుగు మర విప్పి మిగిలినది వదలండి.
- ట్యాంకులోని పెట్రోలు తీసి బండిలో పోసేయండి.
- ప్లగ్గు విప్పి ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి, తాడు రెండు మూడుసార్లు మెల్లగా లాగి, ప్లగ్గు బిగించండి.
- సైలెన్సర్ మూతికి గుడ్డ కట్టండి. ఎలుకలు, కందిరీగలు రెండూ అక్కడే కాపురం పెడతాయి. గుడ్డ కట్టినట్టు పలికించే తాడు మీద చీటీ అంటించండి.
- నేల మీద కాకుండా చెక్కబల్ల మీద, గాలి ఆడే చోట ఉంచండి. ప్లాస్టిక్ పట్టాతో బిగించి కప్పితే లోపల తేమ నిలిచి తుప్పు పడుతుంది.

వానలు వెలిశాక మొదటిసారి పలికించే ముందు ఎలక్ట్రీషియన్‌తో ఆల్టర్నేటర్ చుట్లకు మెగ్గర్ పరీక్ష (ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచేది) చేయించండి. 1 మెగాఓమ్ కన్నా తక్కువ వస్తే చుట్లకు తేమ పట్టినట్టే. ఎండలో లేదా వెచ్చని గాలిలో ఆరబెట్టి మళ్లీ కొలిచి, అంకె పెరిగాకే లోడు వేయండి.